కాలేజీలో చేరినవాళ్ల లెక్క ఉంది, మధ్యలో మానేసినవాళ్ల లెక్క లేదు. రిపోర్టు ఎలా రాయాలి?

పాలమూరు లెక్చరర్

అందరికీ నమస్కారం. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఈ ఏడాది ఐక్యూఏసీ (కాలేజీ నాణ్యతను చూసే అంతర్గత విభాగం) బాధ్యత కూడా నాకే ఇచ్చారు. మా దగ్గర చేరే పిల్లల్లో ఎక్కువమంది వాళ్లింట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవాళ్లు. అమ్మానాన్న ముంబై, పుణే పనికి వలసపోతే నాయనమ్మ దగ్గర ఉండి చదువుకునేవాళ్లు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు.

వీళ్లకోసం 2019 నుంచి కొన్ని పనులు చేస్తున్నాం. వేసవిలో చుట్టుపక్కల జూనియర్ కాలేజీలకు వెళ్లి డిగ్రీ గురించి, దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల) దరఖాస్తు గురించి, స్కాలర్‌షిప్ గురించి చెప్పి వస్తాం. చేరాక ఇంటర్‌కూ డిగ్రీకీ మధ్య లోటు పూడ్చే మూడు వారాల బ్రిడ్జి కోర్సు ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు సాయంత్రం ఇంగ్లిష్ క్లాసు పెడతాం. ప్రతి ఐదుగురికీ ఒక సీనియర్‌ను తోడిస్తాం. ఇప్పుడు కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ బృందం వస్తోంది కాబట్టి వీటి ప్రభావం మీద పది పేజీల రిపోర్టు రాసివ్వమన్నారు ప్రిన్సిపల్ గారు.

నా చేతిలో రెండున్నాయి. ఒకటి, అడ్మిషన్లు పెరిగిన గ్రాఫ్. రెండోది, పిల్లలు నింపిన ఫీడ్‌బ్యాక్ ఫారాల కట్ట. దాదాపు అన్నింట్లోనూ "చాలా బాగుంది" అనే ఉంది. ఇవి రెండూ పెట్టి రాసేస్తే పని అయిపోతుంది. కానీ నిన్న మూడో ఏడాది హాజరు పట్టీ తెరిచాను. ఏడో నంబరు తర్వాత తొమ్మిది. తొమ్మిది తర్వాత పదమూడు. మధ్యలో పేర్ల మీద ఎర్ర సిరా గీతలు. మొదటి ఏడాది చివర్లో ఆ గీతలు కొట్టింది నేనే. ఎందుకు మానేశారో అప్పుడు ఒక్కరినీ అడగలేదు. రాత్రి నిద్ర పట్టలేదు.

ఏం లెక్కపెట్టాలి, ఎవరితో పోల్చాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ సూపరింటెండెంట్

మేడమ్, సాంఘిక సంక్షేమ శాఖలో స్కాలర్‌షిప్ సెక్షన్‌లోనే నా సర్వీసు చాలా భాగం గడిచింది. మీ ప్రశ్న మా ఆఫీసులో ఎప్పుడో అడగాల్సింది.

ఈ పథకాలు నిన్నా మొన్నా పుట్టినవి కావు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లోనే మొదలైంది. పల్లె పిల్లలకు మంచి చదువు అందాలని పీవీ నరసింహారావు గారి హయాంలో సర్వేల్‌లో గురుకులం పెట్టింది 1971లో. వైఎస్ రాజశేఖరరెడ్డి గారి కాలంలో, 2008 నాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున వచ్చింది. ఇంజినీరింగ్ అనే మాట నోటితో పలకడానికే జంకే ఇళ్ల నుంచి పిల్లలు కౌన్సెలింగ్‌కు వచ్చారు. అది నా కళ్లతో చూశాను. సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ కవర్‌ను గుండెలకు హత్తుకుని, టేబుల్ దగ్గరికి రావడానికి భయపడుతూ గోడవారగా నిలబడ్డ తండ్రులను చూశాను.

కానీ మేము పైకి పంపే నివేదికల్లో ముఖ్యంగా రెండే గడులు: ఎంతమందికి మంజూరైంది, ఎంత సొమ్ము విడుదలైంది. మంజూరైన పిల్లాడు పాసయ్యాడా, ఇప్పుడేం చేస్తున్నాడు అనే గడి లేదు.

మీకొక దారి చెప్తాను. స్కాలర్‌షిప్‌ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-పాస్‌లో మొదటి ఏడాది పిల్లలది "ఫ్రెష్" దరఖాస్తు, ఆ తర్వాతి ఏళ్లది "రెన్యువల్". మీ కాలేజీ లాగిన్‌లో ఒక బ్యాచ్ ఫ్రెష్ జాబితా తీసుకుని పక్కనే మరుసటి ఏడాది రెన్యువల్ జాబితా పెట్టండి. ఆ తేడా మీ ఎర్ర సిరా గీతల దగ్గరికే తీసుకెళ్తుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. రెన్యువల్ లేనంత మాత్రాన మానేసినట్టు కాదు. హాజరు 75 శాతం లేక, ఆదాయ ధ్రువపత్రం గడువు దాటి, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలవక ఆగిపోయినవి బోలెడు ఉంటాయి. ఎవరు ఏ కారణంతో ఆగారో విడదీసి చూడాలి.

ఓరుగల్లు ఇంజినీర్

ఎవరినీ నొప్పించాలని కాదు కానీ నా మనసులో మాట చెప్తాను. నేను 2009లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే బీటెక్ చేరాను. అప్పట్లో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. నేను చదివిన కాలేజీలో ల్యాబ్‌కు తాళం వేసి ఉండేది. రికార్డులు సీనియర్లవి చూసి రాసుకున్నాం. మా బ్యాచ్‌లో అందరం "ఉన్నత విద్యలో పాల్గొన్నవాళ్లమే". ప్రభుత్వం లెక్కలో మేమంతా విజయమే. నా క్లాస్‌మేట్లలో ఎంతమంది డిగ్రీ పట్టా పక్కన పెట్టి కొరియర్ పనికి, షోరూమ్ పనికి వెళ్లారో నాకు తెలుసు.

సీటు దొరికిందా అని మాత్రమే అడిగితే జవాబు ఎప్పుడూ బాగానే వస్తుంది. సీటు దొరికిన చోట చదువుందా అని కూడా అడగాలి. మేడమ్ రిపోర్టులో ఆ ప్రశ్న లేకపోతే మిగతాది ఎంత రాసినా వృథా.

లెక్కల బండి

ఇలాంటి మూల్యాంకనాలే నా వృత్తి. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ప్రభావం అంటే "పని జరిగాక ఏమైంది" అని కాదు. "పని జరగకపోయి ఉంటే ఏమయ్యేది" అన్నదానికీ, జరిగాక అయినదానికీ మధ్య తేడా. మొదటిది కంటికి కనిపించదు. కాబట్టి దానికి వీలైనంత దగ్గరగా ఉండే పోలిక వెతకాలి. మా పనిలో సగం కష్టం అక్కడే.

మేడమ్, మీ గ్రాఫ్‌లో 2021 దగ్గర పెద్ద మెట్టు ఉందేమో చూడండి. కరోనాతో ఆ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు, రెండు రాష్ట్రాల్లోనూ. మామూలుగా ఇంటర్‌లో ఆగిపోయే పిల్లలు కూడా ఆ ఏడాది డిగ్రీ దరఖాస్తు దాకా వచ్చారు. ఆ పెరుగుదలను మీ వేసవి ప్రచారం ఖాతాలో వేస్తే పొరపాటు. అలాగే 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆ తర్వాత అమ్మాయిల హాజరు పెరిగి ఉంటే అది సీనియర్ తోడు వల్లా, బస్సు వల్లా? హాజరు పట్టీ ఒక్కటే చూసి చెప్పలేం. అబ్బాయిల హాజరు కూడా అంతే పెరిగిందా, కాలేజీ పక్కనే నడిచి వచ్చే అమ్మాయిల హాజరు పెరిగిందా అని విడివిడిగా చూస్తే కొంత తేలుతుంది.

రాష్ట్ర స్థాయి అంకెలతోనూ ఇదే చిక్కు. 2021-22 ఆయిషే సర్వేలో (కాలేజీ చదువుల మీద కేంద్రం చేసే సర్వే) ఉన్నత విద్య స్థూల నమోదు నిష్పత్తి దేశానికి 28.4. తెలంగాణకు 40, ఆంధ్రప్రదేశ్‌కు 36.5. చూడ్డానికి గర్వంగానే ఉంటుంది. కానీ ఇది 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభాతో నమోదును భాగిస్తే వచ్చే అంకె. పేరు నమోదైతే చాలు, క్లాసుకు వచ్చినా రాకపోయినా ఆ లెక్కలో ఉన్నట్టే. ఆ పైన పక్క రాష్ట్రం నుంచి వచ్చి హైదరాబాద్‌లో చదివే పిల్ల తెలంగాణ లెక్కలో పడుతుంది.

బిహార్ సైకిళ్ల కథ చెప్తే విషయం ఇంకా తేటగా ఉంటుంది. 2006లో అక్కడ తొమ్మిదో తరగతి చేరిన అమ్మాయిలకు సైకిళ్లిచ్చారు. బడిలో అమ్మాయిలు పెరిగారు. కానీ అప్పుడు బిహార్‌లో రోడ్లు, ఆదాయాలు అన్నీ పెరుగుతున్నాయి. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఏం చేశారంటే, అమ్మాయిల పెరుగుదలను ముందు అక్కడి అబ్బాయిలతో పోల్చారు. ఆ తేడాను మళ్లీ సైకిళ్లు ఇవ్వని పక్క రాష్ట్రం జార్ఖండ్‌లోని తేడాతో పోల్చారు. ఇంత వడగట్టాక కూడా అమ్మాయిల నమోదు 32 శాతం పెరిగిందని తేలింది. అప్పుడు "సైకిల్ వల్లే" అని ధైర్యంగా అనగలిగారు. అది హైస్కూల్ సంగతే అయినా పద్ధతి మనకూ పనికొస్తుంది.

పాలమూరు లెక్చరర్

చూశాను సార్. పెద్ద మెట్టు 2021 దగ్గరే ఉంది. తర్వాతి ఏడాది కాస్త తగ్గింది కూడా. ఆ గ్రాఫ్‌ను మొదటి పేజీలోంచి తీసేస్తున్నాను.

నూజివీడు 2013

నా సంగతి చెప్తాను, ఏ గడిలో వేస్తారో మీరే చూడండి.

మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. పదో తరగతిలో జీపీఏ 9.3 వచ్చింది. ప్రభుత్వ బడిలో చదివినందుకు ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో 0.4 కలిపేవారు. దాన్ని డిప్రివేషన్ స్కోరు అంటారు. అది కలిస్తేనే నాకు సీటు వచ్చింది. ఇంటర్‌కు బదులు రెండేళ్ల పీయూసీ, ఆ పైన నాలుగేళ్ల బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉండి చదవాలి.

మొదటి నెల ఫిజిక్స్ నోట్స్ ఇప్పటికీ దాచుకున్నాను. ఎడమ పేజీలో తెలుగు లిపిలో "వెలాసిటీ" అని రాసుకుని కింద "వేగం", "స్పీడ్" కింద "వడి", "మొమెంటమ్" కింద "ద్రవ్యవేగం" అని రాసుకున్నాను. సారు బోర్డు మీద రెండో లెక్కలోకి వెళ్లేసరికి నేనింకా మొదటి మాటకు తెలుగు వెతుక్కుంటూ ఉండేవాణ్ణి. నాకు లెక్క రాక కాదు, మాట అందక. దసరా తర్వాత ఎడమ పేజీలు ఖాళీగా కనిపిస్తాయి. అంటే అప్పటికి మాట అందిందన్నమాట. మీ బ్రిడ్జి కోర్సు మూడు వారాలే అంటున్నారు మేడమ్. నాకు మూడు నెలలు పట్టింది.

ఇంకో విషయం. నా రూమ్మేట్ పీయూసీ అయ్యాక వెళ్లిపోయాడు. నాన్నకు ఆరోగ్యం బాగాలేక ఇంటి దగ్గరే ఉండాల్సి వచ్చింది. ఊరి పక్కన బీఎస్సీ చేసి, బీఈడీ చేసి ఇప్పుడు టీచర్‌గా ఉన్నాడు. మీ లెక్కలో అతను మానేసినవాడా? ఇంగ్లిష్ భయం పోయింది అక్కడ గడిపిన రెండేళ్లలోనే అని అతను ఎప్పుడూ అంటాడు. కాలేజీ జాబితాలో కొట్టేసిన పేరుకు అవతల కూడా జీవితం ఉంటుంది. దయచేసి అది కూడా చూడండి.

లెక్కల బండి

తమ్ముడూ, నువ్వు చెప్పిన 0.4 మా వృత్తివాళ్లకు బంగారు గని. సీటుకు కావాల్సిన ఆఖరి స్కోరును అంచు అనుకుంటే, దానికి ఇటూ అటూ ఉన్న పిల్లలు ఇంచుమించు ఒకేలాంటివాళ్లు. కాస్త పైనున్న పిల్లకు సీటొస్తుంది, కాస్త కిందున్న పిల్లకు రాదు. పదేళ్ల తర్వాత ఇద్దరూ ఎక్కడున్నారో చూస్తే ఆ సీటు ఏం చేసిందో తెలుస్తుంది. పైగా ఒకే జీపీఏ ఉన్నవాళ్లలో ముందు లెక్కలు, సైన్సు లాంటి సబ్జెక్టుల గ్రేడు చూసి, అప్పటికీ తేలకపోతే పుట్టినతేదీ దాకా వెళ్తారు. కొన్ని నెలల ముందు పుట్టడం తెలివికి సంబంధించింది కాదు కదా. అక్కడ దాదాపు చీటీ తీసినట్టే.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌లోనూ అలాంటి అంచు ఉంది. తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకు 10,000 ర్యాంకు లోపైతే ఇంజినీరింగ్ ఫీజు మొత్తం, దాటితే 35,000 రూపాయలే ఇస్తారు, కొన్ని మినహాయింపులతో. 9,990 ర్యాంకు పిల్లకూ 10,010 ర్యాంకు పిల్లకూ చదువులో తేడా ఏముంటుంది? ఇంటి మీద పడే బరువులో మాత్రం చాలా తేడా ఉంది. ఆ బరువు వల్ల బ్రాంచి మారిందా, కాలేజీ మారిందా, అప్పు చేశారా అనేది తేల్చడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఓరుగల్లు అన్నకు ఒక మాట. "వెనకబడ్డ పిల్లల్ని పెద్ద కాలేజీలో వేస్తే తట్టుకోలేక దెబ్బతింటారు" అనే వాదన మనదగ్గర గట్టిగా వినిపిస్తుంది. దీన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంజినీరింగ్ ప్రవేశాల సమాచారంతోనే పరీక్షించారు. సురేంద్రకుమార్ బాగ్డే, డెన్నిస్ ఎపుల్, లోవెల్ టేలర్ రాసిన ఆ పరిశోధన 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. రెండు వందలకు పైగా కాలేజీలు. రిజర్వేషన్ల వల్ల ఆ వర్గాల పిల్లలు కాలేజీకి రావడం పెరిగింది, ముఖ్యంగా మెరుగైన కాలేజీల్లో. దెబ్బతిన్నారనడానికి ఆధారం కనిపించలేదు.

ఓరుగల్లు ఇంజినీర్

మంచి సంగతి చెప్పారన్నా. రిజర్వేషన్‌తో వచ్చినవాళ్లు తట్టుకోలేరని నేనెప్పుడూ అనలేదు, అనను. నా బాధ కాలేజీ గురించి. పిల్లాడు సిద్ధంగా ఉన్నా కాలేజీ సిద్ధంగా లేదు. మెరుగైన కాలేజీలో చేరితే మేలు జరిగిందంటే, నాసిరకం కాలేజీలో చేరినవాడికి ఏం జరిగిందో కూడా చూడాలన్న నా మాట ఇంకా బలపడ్డట్టే కదా.

లెక్కల బండి

ఒప్పుకుంటాను. ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

యార్క్‌షైర్ తెలుగు

ఇంగ్లండ్‌లో ఒక విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నాను. పేద ఇళ్ల పిల్లల్ని వర్సిటీకి తేవడమే మా విభాగం పని. ఊరు తెనాలి. మీ చర్చ చదువుతుంటే మా ఆఫీసు మీటింగ్‌లో కూర్చున్నట్టే ఉంది.

ఇక్కడ 2004 నుంచి 2011 దాకా ఎయిమ్‌హయ్యర్ అనే పెద్ద కార్యక్రమం నడిచింది. వేసవి శిబిరాలు, వర్సిటీ సందర్శనలు, సీనియర్ల తోడు. ఇంచుమించు మేడమ్ కాలేజీలో చేస్తున్న పనులే, డబ్బు మాత్రం చాలా ఎక్కువ. శిబిరానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది తర్వాత వర్సిటీలో చేరారని నివేదికలు వచ్చేవి. కానీ వాళ్లు శిబిరానికి రాకముందే చదవాలని నిశ్చయించుకున్నవాళ్లేమో? టీచరు ఎంపిక చేసి పంపిన చురుకైన పిల్లలేమో? ఆ ప్రశ్నకు గట్టి జవాబు దొరకలేదు. కార్యక్రమం ఆగిపోయింది. మరుసటి ఏడాదే ఫీజు పరిమితి 9,000 పౌండ్లకు పెరిగింది. చేసిన మంచి పనికి రుజువు కూడబెట్టుకోకపోతే బడ్జెట్ కోత వచ్చిన రోజు దాన్ని కాపాడుకోవడానికి చేతిలో ఏమీ ఉండదని మేం నేర్చుకున్నాం.

2018లో ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ అనే నియంత్రణ సంస్థ వచ్చింది. అది రుజువులను మూడు రకాలుగా చూడమంటుంది. ఈ పని ఎందుకు ఫలిస్తుందని అనుకుంటున్నామో పొందికగా చెప్పగలగడం మొదటిది. ముందూ వెనకా కొలిచి మార్పు చూపించడం రెండోది. ఆ మార్పు ఈ పనివల్లే వచ్చిందని పోలికతో నిలబెట్టడం మూడోది. మేడమ్, మీ కాలేజీకి మూడోది చేతకాలేదని దిగులుపడకండి. అరవైమంది ఉన్న క్లాసులో ఇద్దరు అటూ ఇటూ అయితేనే శాతాలు ఊగిపోతాయి. మొదటి రెండూ నిజాయితీగా చేస్తే చాలు. ఇక్కడ పెద్ద పెద్ద వర్సిటీలే మొన్నమొన్నటి దాకా మొదటిదాని దగ్గరే ఉన్నాయి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఎవరు వెనకబడ్డవాళ్లో తేల్చేటప్పుడు. ఇక్కడ పోలార్ అని ఒక కొలత ఉంది. ఒక ప్రాంతంలో ఎంతమంది పిల్లలు వర్సిటీకి వెళ్తున్నారో చూసి ప్రాంతాలను ఐదు భాగాలు చేస్తుంది. బాగా చదివే ప్రాంతంలో ఇరుకు గదిలో బతికే పేద పిల్ల ఆ లెక్కలో కలిగినవాళ్ల పిల్లే. మండలాన్ని బట్టో, ఊరిని బట్టో మీరు పిల్లల్ని విడదీస్తే అదే తప్పు జరుగుతుంది. ఇంట్లో ఎవరు ఎంతవరకు చదివారో, వలస ఉందో లేదో పిల్లలనే అడిగి రాసుకోండి.

సీమ బిడ్డ

నేను ఎక్కువ చదివినదాన్ని కాదు, లెక్కలు తెలీవు. కానీ ఒకటి చెప్పాలి.

మాది అనంతపురం వైపు. ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ చదివాను. ప్రభుత్వం నుంచి ఫీజు రావడం ఆలస్యమైంది. చివరి ఏడాది అయ్యాక సర్టిఫికెట్ల కోసం వెళ్తే బాకీ కడితేనే ఇస్తామన్నారు. రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇస్తామన్నారు. మా అమ్మ చెవుల కమ్మలు కుదువబెట్టి కట్టింది. సర్టిఫికెట్లు చేతికొచ్చేలోపు నేను రాసి పాసైన ఒక ఉద్యోగానికి సర్టిఫికెట్ వెరిఫికేషన్ తేదీ దాటిపోయింది.

ప్రభుత్వం లెక్కలో నాకు ఫీజు అందింది. కాలేజీ లెక్కలో నేను పాసయ్యాను. రెండూ నిజమే. ఆ కమ్మల సంగతి ఏ లెక్కలోనూ లేదు. డబ్బు ఎంత ఇచ్చారన్నదొక్కటే రాయకండి మేడమ్. ఏ నెలలో చేతికందిందో కూడా రాయండి.

రిటైర్డ్ సూపరింటెండెంట్

తల్లీ, నీ మాట చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. మంజూరు తేదీ, ట్రెజరీ నుంచి విడుదల తేదీ, ఖాతాలో పడిన తేదీ మూడూ వేర్వేరు. మేం నివేదికల్లో మొదటిదే రాసేవాళ్లం. మూడోది రాసి ఉంటే ఎక్కడ ఆగుతోందో పైవాళ్లకు ఎప్పుడో తెలిసేది.

మద్రాసు తెలుగు

తమిళనాడు అనుభవం ఒకటి. 2020లో అక్కడ ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండు దాకా చదివిన పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం ప్రత్యేకించారు. మరుసటి ఏడాది ఇంజినీరింగ్, వ్యవసాయం, లా లాంటి కోర్సులకూ విస్తరించారు. 2022 సెప్టెంబర్ నుంచి ప్రభుత్వ బడిలో చదివి పైచదువులకు వెళ్లే అమ్మాయిలకు నెలకు 1,000 రూపాయలు నేరుగా ఇస్తున్నారు. నెలనెలా అమ్మాయి ఖాతాలోకే రావడం వల్ల బస్సుకో, జిరాక్సుకో ఇంట్లో చెయ్యి చాచే పని తప్పింది. మా ఇంటి దగ్గరి అమ్మాయిలు చెప్పే మాటే ఇది. సీమ బిడ్డ చెప్పింది చదివాక ఆ తేడా నాకు ఇంకా బాగా అర్థమైంది.

యార్క్‌షైర్ తెలుగు

మేడమ్‌కు ఇంకో చిన్న సలహా. సాయంత్రం ఇంగ్లిష్ క్లాసుకు పేరిచ్చి, సీట్లు నిండి చేరలేకపోయినవాళ్లు ఉంటే వాళ్లతో పోల్చండి. వాళ్లకూ నేర్చుకోవాలన్న కోరిక ఉంది, అవకాశం మాత్రం లేదు. పోలిక కోసమని కావాలని ఎవరినీ ఆపొద్దు సుమా.

పాలమూరు లెక్చరర్

మూడు వారాల తర్వాత వస్తున్నాను. అందరికీ ముందుగా దణ్ణాలు.

ఇంగ్లిష్ క్లాసులో ఖాళీ లేదని ఎవరినీ పంపేయలేదు కాబట్టి ఆ పోలిక కుదరలేదు. ఈ-పాస్ ఫ్రెష్, రెన్యువల్ జాబితాలు పక్కపక్కన పెట్టాం. దానికి హాజరు పట్టీ కలిపితే మూడో ఏడాది రెండు సెక్షన్లలో 31 పేర్లు తేలాయి. నేనూ, తెలుగు మేడమ్, ఇద్దరు సీనియర్ అమ్మాయిలూ కూర్చుని అందరికీ ఫోన్లు చేశాం. తొమ్మిది నంబర్లు కలవలేదు. చాలావరకు అవి నాన్నల నంబర్లు, ముంబై వెళ్లాక సిమ్ మార్చినవి. మిగిలిన 22 మందితో మాట్లాడాం.

ఇంగ్లిష్ అర్థంకాక మానేశామని చెప్పినవాళ్లు ఇద్దరే. ఇన్నేళ్లుగా మేం ఎక్కువ కష్టం పెట్టింది దాని మీదే. అది పనిచేసినందువల్లే ఇద్దరికి తగ్గిందో, అసలు చిక్కు మొదటి నుంచీ వేరే చోట ఉందో నాకు తేలలేదు. రిపోర్టులో అలాగే రాశాను. ఆరుగురు అమ్మాయిలకు పెళ్లయింది. ఐదుగురు పనికి వెళ్లిపోయారు, అందులో ఇద్దరు పుణేలో సెంట్రింగ్ పనిలో ఉన్నారు. ఐదుగురు మానేయలేదు, వేరే కోర్సులో చేరారు. నూజివీడు బాబూ, వాళ్లను మానేసినవాళ్లలో కలపలేదు.

మిగిలిన నలుగురి మాట విన్నాక ఫోన్ పట్టుకున్న చెయ్యి వణికింది. మొదటి ఏడాది వాళ్ల స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎక్కడో ఆగింది. ఒకమ్మాయికి మీసేవలో వేలిముద్ర పడలేదట. పత్తి ఏరే చేతులు సార్, గీతలు అరిగిపోయాయి. డబ్బు రాలేదు కాబట్టి కాలేజీకి బాకీ పడ్డామనుకున్నారు. బాకీ పెట్టుకుని క్లాసులో ఎలా కూర్చుంటామని సిగ్గుపడి రావడం ఆపేశారు. మేం ఒక్కరం కూడా కట్టమని అడగలేదు. అడగలేదన్న సంగతి వాళ్లకు చెప్పినవాళ్లూ లేరు.

ప్రిన్సిపల్ గారికి రిపోర్టు ఇచ్చాను. గ్రాఫ్ లేదు. ఫీడ్‌బ్యాక్ ఫారాలు అనుబంధంలోకి పోయాయి. మొదటి పేజీలో ఈ 31 పేర్ల లెక్క ఉంది, పేర్లు లేకుండా. ఆయన చాలాసేపు చదివి, న్యాక్ వాళ్లకు ఇదే ఇద్దామన్నారు. వచ్చే ఏడాది నుంచి ఎవరైనా వరుసగా పది రోజులు రాకపోతే తోడున్న సీనియర్ ఇంటికి ఫోన్ చేయాలని, స్కాలర్‌షిప్ ఆగిన పిల్లల జాబితా ప్రతి నెలా నోటీసు బోర్డు మీద కాకుండా ఆ పిల్లలకే విడిగా చెప్పాలని అనుకున్నాం. ఓరుగల్లు సార్ అడిగిన ప్రశ్న కూడా వదల్లేదు. పాసై వెళ్లిన బ్యాచ్‌కు ఈ సెలవుల్లో ఫోన్లు చేస్తాం.

ఆ నలుగురిలో ఇద్దరు మళ్లీ వస్తామన్నారు. రీ-అడ్మిషన్ దరఖాస్తులు రాయించాను. వేలిముద్ర పడని అమ్మాయి సోమవారం వాళ్ల అమ్మతో మీసేవ దగ్గరికి వస్తుంది, నేనూ వెళ్తున్నాను. సూపరింటెండెంట్ గారూ, పాత ఫ్రెష్ దరఖాస్తు మీదే మళ్లీ నడిపించొచ్చా, కొత్తది వెయ్యాలా? వేలిముద్ర బదులు కంటిపాప తీసుకుంటారా? సోమవారంలోపు చెప్పగలరా?

రిటైర్డ్ సూపరింటెండెంట్

పాత దరఖాస్తు నంబరు నాకు విడిగా మెసేజ్ పెట్టండి మేడమ్, ఇక్కడ అందరి ముందూ వద్దు. అది ఏ దశలో ఆగిందో చూస్తే తప్ప చెప్పలేం. జిల్లా ఆఫీసులో నాతో పనిచేసినవాళ్లు ఇంకా ఉన్నారు, రేపు పొద్దున్నే మాట్లాడతాను. సోమవారం వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి ఆధార్ ఒరిజినల్, బ్యాంకు పాస్‌బుక్, ఈ ఏడాది తీసిన ఆదాయ ధ్రువపత్రం తప్పకుండా తెచ్చుకోమనండి. ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప అప్‌డేట్ చేయించాల్సి వస్తే ఆధార్ కేంద్రంలో చేస్తారు, మీసేవ కన్నా ముందు అక్కడికే వెళ్లండి. పొద్దున తొందరగా వెళ్తే లైన్ తక్కువ ఉంటుంది.